ఇంట్లో పాడి గేదెలున్న వీగన్ కార్యకర్త ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. తెనాలి దగ్గర పల్లెలో ఉంటూ డిగ్రీ చదువుతున్న మీరు, ఎనిమిది నెలల కిందట మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు కూడా మానేసి వీగన్ అయ్యారు. జంతు హక్కుల గురించి ఊళ్లోనూ కాలేజీలోనూ ప్రచారం చేయాలనుకుంటున్నారు. కబేళా వీడియోలు చూపించాలా, ప్లకార్డులు పట్టుకుని కూడలిలో నిలబడాలా అని అడిగారు. "మమ్మల్ని పప్పుచారు తినమనడానికి నువ్వెవరు?" అని స్నేహితులు కోప్పడుతున్నారని, ఇంట్లో ఉన్న రెండు గేదెల పాలతోనే మీ చదువు సాగుతోందని, ఒక గేదె ఇప్పుడు చూడితో ఉందని, నాన్నగారితో ఈ మాట ఎత్తలేకపోతున్నారని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. వీడియోలతో మొదలుపెట్టకండి, మీ గొడ్ల చావిడితో మొదలుపెట్టండి. మీరు కళ్లారా చూసిన ఒక్క జంతువు కథను, కలపకుండా, దాచకుండా చెప్పడం మీ ప్రచారంలో సగం. మిగిలిన సగం, మీ ఊళ్లో హింసకు గురవుతున్న జంతువుల కోసం చట్టం ప్రకారం చేయగలిగిన పని. తిండి మార్చుకోమని అడగడం ఈ రెండింటి తర్వాత రావాలి. అంతకన్నా ముందు మీ ఒంట్లో బి12 విటమిన్ ఎంత ఉందో రక్తపరీక్ష చేయించుకోండి.

నేను పదహారేళ్లుగా, మొదట విజయవాడలోనూ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, గాయపడిన పశువులకు ఆశ్రయమిచ్చే పనిలో ఉన్నాను. వీగన్ ప్రచారం కూడా అన్నేళ్లుగానే చేస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచి వచ్చినదే.

మొదటి రెండేళ్లు నేనూ వీడియోలే నమ్ముకున్నాను. ఆదివారం సాయంత్రం పార్కు గేటు దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి కోళ్ల ఫారాలవి, కబేళాలవి చూపించేవాళ్లం. జనం ఆగేవారు, ముఖం చిట్లించేవారు, కొందరు కన్నీళ్లు కూడా పెట్టుకునేవారు. మారిపోతున్నారని అనుకునేవాళ్లం. ఒకసారి ఒక తల్లి తిరిగి వచ్చి, తన ఏడేళ్ల కొడుకు మూడు రాత్రులుగా నిద్రపోవడం లేదని, పసివాడికి అది చూపించే హక్కు మీకెవరిచ్చారని అడిగింది. ఆమె అడిగింది న్యాయమే. ఆ తర్వాత, మా దగ్గర ఫోన్ నంబరు రాసి వెళ్లినవారిలో కొందరికి ఫోన్ చేసి చూశాను. దాదాపు అందరూ వీడియోను గుర్తుపెట్టుకున్నారు గానీ, అది ఎక్కడో ఎవరో చేసే పాపమనీ, తాము కొనే అంగడిలో అలా జరగదనీ గట్టిగా నమ్ముతున్నారు. దూరాన జరిగే ఘోరం మనిషిని కదిలించి వదిలేస్తుందని, తన పెరట్లో జరిగేది మాత్రం వదలదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మీ చావిడి సంగతి. మన ప్రాంతంలో మాంసం తినేవారికీ తిననివారికీ ఉన్న ఉమ్మడి నమ్మకం ఒకటుంది: పాలు పితకడంలో హింస లేదు, దూడ తాగగా మిగిలినదే మనం తీసుకుంటాం అని. నేను కూడా కృష్ణా జిల్లాలో పాడి ఉన్న ఇంట్లోనే పెరిగాను కనుక ఆ నమ్మకం ఎంత లోతైనదో నాకు తెలుసు. మా అమ్మ గేదె పొదుగు కడిగి, దూడను ఒక నిమిషం వదిలి, గేదె చేపగానే, అంటే పాలు పొదుగులోకి దించగానే, దూడను లాగి కట్టేసేది. పెయ్యదూడ పుడితే ఇంట్లో పండగ. దున్నదూడ పుడితే ఎవరూ ఏమీ అనేవారు కాదు, కానీ దానికి వదిలే చన్ను రెండు నుంచి ఒకటి, ఒకటి నుంచి సగం అయ్యేది. ఎండాకాలం వచ్చేసరికి దూడ చిక్కి, పేడలో పడుకుని లేచేది కాదు. దాన్ని ఎవరూ చంపలేదు, కానీ బతకనివ్వనూ లేదు. ఒక ఏడు దూడ చనిపోతే గేదె చేపడం మానేసింది. అప్పుడు ఆ దూడ తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి, గేదె ముందు నిలబెట్టారు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చింది. నాకప్పుడు పదేళ్లు. వీగన్ అనే మాట విన్నది ఆ తర్వాత పదిహేనేళ్లకు. అయినా నా నిర్ణయం ఆ గడ్డి దూడ దగ్గరే జరిగిందని అనుకుంటాను.

ఇది మా ఒక్క ఇంటి కథ అని ఎవరైనా అంటే చూపించడానికి ఒక లెక్క ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గేదె జాతి పశువులు దాదాపు 11 కోట్లు. వాటిలో ఆడవి 10 కోట్లకు పైగా ఉంటే, మగవి కోటి కూడా లేవు. ప్రకృతిలో పెయ్యలూ దున్నలూ ఇంచుమించు సమానంగా పుడతాయి. మరి తక్కినవన్నీ ఏమయ్యాయి? ట్రాక్టరు వచ్చాక దున్నపోతుతో దున్నేవారు లేరు, కృత్రిమ గర్భధారణ వచ్చాక ఆంబోతు అవసరమూ తగ్గింది. కొన్ని పాలందక చస్తాయి, కొన్ని సంతకు, అక్కడి నుంచి కబేళాకు పోతాయి. వట్టిపోయిన గేదె దారీ అదే. మన దేశం ప్రపంచంలోనే అత్యధికంగా పాలు ఉత్పత్తి చేస్తోంది, గేదె మాంసం ఎగుమతిలోనూ ముందు వరుసలో ఉంది. ఈ రెండూ వేరువేరు వ్యాపారాలు కావు, ఒకే పశువు జీవితంలోని రెండు దశలు. నేను ఎక్కడ మాట్లాడినా ఈ ఒక్క లెక్కనే చెబుతాను. ఇంతవరకు దీన్ని కాదన్న రైతు నాకు తారసపడలేదు. రైతులకు ఇది కొత్త విషయం కాదు, పట్నం వారికే కొత్త.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ నాన్నగారిని గేదెలు అమ్మేయమని అడగకండి. అమ్మితే అవి మీ కంటికి కనబడకుండా పోతాయే తప్ప వాటి కష్టం తీరదు. పైగా కౌలు, ఎరువులు పోను ఏమీ మిగలని ఇంట్లో రోజూ చేతికి డబ్బు వచ్చేది పాల మీదే, అదీ చాలాచోట్ల ఆడవాళ్ల చేతికి. ఆ ఆదాయానికి బదులు చూపించకుండా పాడి తప్పని బోధించడం, ఆ పాలతో ఫీజు కట్టుకున్న మనలాంటివారికి తగని పని. ఉన్నవాటిని చివరిదాకా పోషించడం, వాటిని మళ్లీ చూడి కట్టించకుండా ఉండటం గురించి మాట్లాడవచ్చు. అది కూడా మీకు సంపాదన వచ్చి, దాణా ఖర్చు మీరు భరించగలిగిన రోజున.

స్నేహితుల కోపం గురించి అడిగారు. మీరు దాన్ని అపార్థం అనుకుంటున్నట్టున్నారు, కానీ అందులో ఒక నిజం ఉంది. మన దగ్గర తిండికి కులం ఉంది. "మేము నీచు ముట్టం" అనే మాట తరతరాలుగా ఎదుటివారిని గడప బయట నిలబెట్టడానికి వాడబడింది. అద్దె ఇల్లు దొరకక తిరిగిన దళిత, ముస్లిం మిత్రులు ఎవరినైనా అడగండి. జనగణన చేసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014 నమూనా సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం మాంసాహారులని తేలింది. అలాంటి సమాజంలో శుద్ధి, సాత్వికం, పాపం అనే మాటలతో వీగన్ జీవితం గురించి చెబితే, వినేవారికి అది జంతువు గురించిన మాటలా కాక, తమ అమ్మ వంట మీద తీర్పులా వినిపిస్తుంది. అందువల్ల మా బృందంలో ఒక నియమం పెట్టుకున్నాం: శుద్ధి గురించి ఒక్క మాట కూడా మాట్లాడం, పశువు పడే బాధ గురించే మాట్లాడతాం. పాలు, నెయ్యి, పట్టు గురించి శాకాహార కుటుంబాలను అడిగిన తర్వాతే మాంసం గురించి ఇతరులను అడుగుతాం. నెయ్యి లేనిదే నైవేద్యం లేదనుకునే ఇంట్లో ఈ మాట చెప్పడం, మటన్ కొట్టు ముందు చెప్పడం కన్నా కష్టం. ఆ కష్టం పడినవారినే రెండో చోట వింటారు.

గోవు పేరుతో దారికాచి మనుషులను కొట్టేవారికి మనకూ పోలిక లేదని కూడా తొలి రోజు నుంచే స్పష్టంగా చెప్పండి. గేదెకూ కోడికీ లేని కరుణ ఆవు ఒక్కదానికే ఉంటే దాన్ని జంతు హక్కు అనరు.

చట్టం సంగతికి వస్తాను. జంతువులకు రాజ్యాంగం హక్కులిచ్చిందని కొందరు కార్యకర్తలు వేదికల మీద చెబుతుంటారు. మీరు అలా చెప్పకండి. 51ఎ(జి) అధికరణం ప్రాణుల పట్ల కరుణ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొంది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆకలి, భయం, నొప్పి వంటి వాటి నుంచి జంతువులకు ఉండాల్సిన ఐదు స్వేచ్ఛలను గుర్తించింది. కానీ 2023లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జల్లికట్టును అనుమతించే తమిళనాడు సవరణ చట్టాన్ని సమర్థిస్తూ, జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నాయని ఇప్పటి పరిస్థితిలో చెప్పలేమని తేల్చింది. కనుక చేతిలో ఉన్న ఆయుధం ప్రధానంగా 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే. దాని 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వబోతే "యాభై రూపాయల కేసుకు ఇంత శ్రమా?" అంటారు. అప్పుడు మిగిలిన దారులు తెలిసి ఉండాలి. పశువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది, అందులో ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

పాడికి సంబంధించి, ఆ 1960 చట్టంలోనే చాలామందికి తెలియని సెక్షన్ 12 కూడా ఉంది. పాలు ఎక్కువ రావడం కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ వంటివి వాడితే వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండేళ్ల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు, ఆ పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. పట్నాల్లోని తబేలాల్లో దూడ లేని గేదెలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. రోజుకు రెండు పూటలా ప్రసవపు నొప్పి లాంటిది తెప్పించి పాలు తీయడమది. ఒక తబేలా మీద మేము ఫిర్యాదు చేసినప్పుడు, ఖాళీ సీసాల ఫొటోలు, తేదీ, సమయం, పశువైద్యుడి పరీక్ష పత్రం జతపరచి, సెక్షన్ సంఖ్య రాసి ఇచ్చాం కనుకనే కేసు నమోదైంది. అంతకుముందు ఏడాది అదే తబేలా గురించి ఆవేశంగా రాసిన మూడు పేజీల అర్జీని ఎవరూ చదవలేదు. ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. తెలుగులో రాయండి, రసీదు తీసుకోండి.

పశువులను కుక్కి తీసుకెళ్లే లారీలు మీ దారిలో కనిపిస్తాయి. 1978 రవాణా నియమాల ప్రకారం మామూలు సరుకు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. అయినా సరే, లారీని మీరు ఎప్పుడూ ఆపకండి. నంబరు రాసుకుని 112కు ఫోన్ చేయండి. ఆపడం పోలీసుల పని. డ్రైవరు కూడా కూలికి వచ్చిన మనిషే. మనం ఆపిన చోట గుంపు చేరితే ఏం జరుగుతుందో ఈ దేశంలో చాలాసార్లు చూశాం.

సంక్రాంతికి కోడిపందేలను అడ్డుకోవాలని మీకు అనిపిస్తుంది. 2016లో ఉమ్మడి హైకోర్టు నిషేధాన్ని అమలు చేయమని ఆదేశించినా, ఆ మూడు రోజులూ బరులు నడుస్తూనే ఉన్నాయి. ఒంటరిగా బరి దగ్గరకు వెళ్లకండి. పండగకు నెల ముందే తహసీల్దారుకు, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వడం, పాఠశాలలో పిల్లలతో పుంజు కాలికి కట్టే కత్తి ఏం చేస్తుందో బొమ్మల సాయంతో మాట్లాడటం వంటివి చాలు. పద్ధతులు లోపలి నుంచి మారగలవనడానికి మనకు ఆధారాలున్నాయి. ఒకప్పుడు పశువును బలి ఇచ్చిన కొన్ని ఆలయాల్లో నేడు గుమ్మడికాయను కొట్టి ఊరుకుంటున్నారు. ఆ మార్పు తెచ్చింది బయటి నుంచి వచ్చి తిట్టినవారు కారు.

ఇప్పుడు తిండి. ఇక్కడ ఎర్రగుడిని గుర్తు చేయకుండా ఉండలేను. కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గరి ఆ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో, పూర్వం తన వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లను, ఒక జింకను మాత్రమే చంపుతున్నారని, జింకను కూడా ప్రతిరోజూ కాదని, ముందుముందు ఆ మూడింటినీ చంపబోరని చెక్కించాడు. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన ఆ రాతలో నన్ను ఆకట్టుకున్నది ఆ నిజాయతీ. పూర్తిగా మానేశానని ఆయన చెప్పలేదు. ఎంత తగ్గిందో, ఇంకా ఎంత మిగిలిందో లెక్కతో చెప్పాడు. మీరు కూడా ఎదుటివారిని ఒకేసారి అన్నీ మానమని అడగకండి. వారంలో ఒక రోజు, రోజులో ఒక పూట అడగండి. మా దగ్గర పూర్తిగా వీగన్ అయి పదేళ్లు నిలిచినవారిలో ఎక్కువమంది అలా మెల్లగా వచ్చినవారే. ఒక్క రాత్రిలో మారినవారిలో చాలామంది ఏడాది తిరగకముందే వెనక్కి వెళ్లారు.

సూపర్‌మార్కెట్లో దొరికే ఖరీదైన బాదం పాల డబ్బాను, దిగుమతి చేసిన చీజును ఎవరికీ చూపించకండి. అది డబ్బున్నవారి వ్యవహారమన్న అభిప్రాయం అక్కడే పుడుతుంది. మన వంటలో సగం ఇప్పటికే వీగన్. పులిహోర, పెసరట్టు, గోంగూర పప్పు, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కంది పొడి, నువ్వుల ఉండలు, నెయ్యి వేయని ఉలవచారు, వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం వెతకనక్కర్లేదు. అసలు ఇబ్బంది పెరుగన్నం దగ్గరే వస్తుంది. దానికి పల్లీ పెరుగు చేసుకోవచ్చు. ఒక కప్పు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, మూడు కప్పుల నీళ్లు కలిపి వడకట్టండి. ఆ పాలను అడుగంటకుండా కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగైదు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి మూత పెట్టండి. మొదటిసారి పలచగా తోడుకుంటుంది, దానితో రెండోసారి తోడు వేస్తే గట్టిగా వస్తుంది. ఒట్టిగా తింటే పల్లీ వాసన తెలుస్తుంది, కానీ మజ్జిగ పులుసులో, తాలింపు పెట్టిన పెరుగన్నంలో సర్దుకుంటుంది. పాల పెరుగుకు ఇది అచ్చంగా సమానమని ఎవరికీ చెప్పకండి, అది అబద్ధం. బాగుంటుందని చెప్పండి, అది నిజం.

బి12 గురించి మొదట్లోనే అన్నాను. ఇది సూక్ష్మజీవులు తయారుచేసే విటమిన్. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్మదగినంతగా ఉండదు. పాలు, పెరుగు మానేసినవారు మాత్ర రూపంలో తీసుకోవాల్సిందే. మా బృందంలో ఒక యువకుడు, ప్రకృతి అన్నీ ఇస్తుందన్న నమ్మకంతో మూడేళ్లు ఏ మాత్రా వేసుకోలేదు. అరికాళ్లు తిమ్మిరెక్కి, మెట్లు దిగుతుంటే తూలిపోయే స్థితికి వచ్చాడు. ఇంజెక్షన్లతో కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆ సమయంలో వాళ్ల అమ్మగారు నన్ను నిలదీస్తే నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే నేను ఎన్నో సభల్లో మాట్లాడి కూడా అతనికి ఆ ఒక్క మాట చెప్పలేదు. అందుకే ఇప్పుడు ప్రతి సమావేశాన్నీ దానితోనే మొదలుపెడతాను. మోతాదు వైద్యుడిని అడిగి నిర్ణయించుకోండి. కాల్షియం విషయంలో మనకు అంత భయం లేదు. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, నువ్వులు, మునగాకు కూడా మంచి ఆధారాలే. గర్భిణులకు, చిన్నపిల్లలకు మాత్రం మీరు సలహా ఇవ్వకండి, వైద్యుల దగ్గరికి పంపండి.

"మొక్కలకూ ప్రాణం ఉంది కదా" అని తప్పకుండా అడుగుతారు. వాదించకండి. మన దేశంలో పండే మొక్కజొన్నలో పెద్ద భాగం కోళ్ల దాణాకే పోతుందని చెప్పండి. మొక్కల మీద జాలి ఉన్నవారికి కూడా నేరుగా గింజ తినడమే తక్కువ హింస.

చివరగా మీ చూడి గేదె. అది ఈనేలోపు నాన్నగారితో ఒక్కసారి మాట్లాడండి. వీగన్ అనే మాట ఎత్తనవసరం లేదు. ఈసారి దున్నదూడ పుట్టినా దానికి రెండు చన్లు వదలమని, మొదటి జున్ను పాలు కడుపునిండా తాగనివ్వమని అడగండి. తగ్గిన పాల డబ్బు ఎంతో లెక్క కట్టి, అందులో కొంతైనా మీరు ట్యూషన్లు చెప్పో మరోలానో ఇస్తానని చెప్పండి. నట్టల మందు ఎప్పుడెప్పుడు వేయాలో మీ ఊరి పశువైద్యశాలలో అడిగి, ఆ పని మీరే చూసుకోండి. ఆశ్రయాలకు పంపుదామని మాత్రం అనుకోకండి, మాతో సహా అన్నీ నిండిపోయి ఉన్నాయి, దున్నదూడలకు అసలే చోటు లేదు. దాని చోటు మీ చావిడిలోనే ఉండాలి. అది ఏడాది బతికితే, మీ కాలేజీలో చెప్పడానికి మీకు దాని కథ ఉంటుంది, పక్కన కూర్చుని విన్నవారు వచ్చి చూడటానికి ఆ దూడ ఉంటుంది.